కొలవని రక్తపోటు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద మమ్మల్ని విద్య గురించి మాట్లాడమంటారు. ఉర్దూ బడి పంతుళ్లం గనుక అది సహజమే. పిల్లల్ని బడికి పంపండి, మధ్యలో మాన్పించకండి అని చెప్పి దిగిపోవడం మాకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారిని అడిగి విషయం మార్చుకున్నాము. రక్తపోటు గురించి మాట్లాడతాము అన్నాము. "డాక్టరు మాట్లాడవలసిన సంగతి మాస్టరుకెందుకండీ?" అని ఆయన నవ్వారు. ఎందుకో చెబుతాము. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారా అని కారణాలు వెదుక్కుంటూ పోగా పోగా మేము ఈ జబ్బు దగ్గరికి వచ్చి ఆగాము.

మా బడిలో ఏడవ తరగతి చదివే ఒక అబ్బాయి రంజాన్ పండుగ తరువాత తిరిగి బడికి రాలేదు. లెక్కల్లో చురుకైనవాడు. వారం రోజులు చూసి ఇంటికి వెళ్లాము. తండ్రి మంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తున్నది. ఆయన దర్జీ. వయసు నలభై రెండు. పండుగ ముందు పది రోజులూ రాత్రింబవళ్లు మిషను తొక్కి, చాంద్ రాత్ నాడు ఆఖరి జతకు గుండీలు కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగిపోయాడట. ఫాలిజ్ పడింది అన్నారు.

అప్పుడు ఆయన భార్య చెప్పిన మాట మమ్మల్ని ఈనాటికీ వదలలేదు. "పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగాడు మాస్టర్ సాబ్, ఈయనకు బీపీ ఎన్నేళ్ల నుంచి ఉంది అని. మా ఆయనకు బీపీ లేదు అని చెప్పాను. డాక్టరు ఏమీ అనకుండా రాసుకున్నాడు."

బీపీ లేదని ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఉన్నదని కూడా ఎవరూ చెప్పలేదు. ఎందుచేతనంటే ఎవరూ కొలవలేదు. నలభై రెండేళ్ల జీవితంలో ఆ మనిషి చేతికి ఒక్కసారి కూడా పట్టీ కట్టి చూసినవారు లేరు. ఊరందరి చేతులకూ టేపు పెట్టి కొలతలు తీసినవాడు ఆయన.

ఇప్పుడు మా సంగతి వినండి. ఎనిమిదేళ్ల క్రితం మేము ఒక ఇన్సూరెన్సు పాలసీ తీసుకోబోయాము. వాళ్ల డాక్టరు పట్టీ కట్టి 160/100 ఉన్నదన్నాడు. మాకు నమ్మకం కుదరలేదు. తలనొప్పి లేదు, చక్కర్ రాదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. మరి రెండు రోజులు వేరువేరుగా చూపించుకుంటే అదే లెక్క. మాత్ర మొదలుపెట్టారు. నాటి నుంచి నేటి వరకు రోజూ వేసుకుంటున్నాము. మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాము.

దర్జీ సోదరుడికీ మాకూ వయసులో పెద్ద తేడా లేదు. మహల్లా ఒకటే. తినే తిండి ఇంచుమించు ఒకటే. మా షేర్వానీ కుట్టింది కూడా ఆయనే. మాకు ముందే తెలిసింది, ఆయనకు తెలియలేదు. దీనిలో మా తెలివి ఏమీ లేదు. మాకు నెల జీతం ఉన్నది గనుక పాలసీ అడిగాము, పాలసీ అడిగాము గనుక డాక్టరు చూశాడు. అంతే.

ఈ ప్రసంగంలో మేము చెప్పదలచుకున్నది ఇదే. రక్తపోటు ఉన్నవాడికీ లేనివాడికీ కూడా వస్తుంది. కాని అది వచ్చినట్లు తెలియడం మాత్రం ఉన్నవాడికే ముందుగా జరుగుతున్నది.

కొంచెం ఆలోచించి చూడండి. డబ్బున్నవాడు, చదువుకున్నవాడు బ్రతుకులో ఎన్ని గుమ్మాలు దాటుతాడో! ప్రభుత్వోద్యోగంలో చేరేటప్పుడు వైద్య పరీక్ష. పాలసీకి పరీక్ష. జ్వరమొచ్చి ఫీజు డాక్టరు దగ్గరికి వెళితే అక్కడి నర్సు ముందు చేసే పని పట్టీ కట్టడమే. ఈ గుమ్మాలలో ఎక్కడో ఒకచోట, తాను అడగకపోయినా, అతని బీపీ బయటపడుతుంది.

మనవాళ్ల సంగతి చూడండి. పండ్ల బండి, ఆటో, వెల్డింగు, మెకానిక్ షెడ్డు, మాంసం దుకాణం, పరుపులు కుట్టే దూదేకుల సోదరులు, అత్తరు అమ్మేవారు. 2006లో వచ్చిన సచ్చార్ కమిటీ నివేదిక కూడా ముస్లిములలో నెల జీతపు కొలువులు తక్కువ, సొంత చేతిపని మీద బ్రతికేవారు ఎక్కువ అని లెక్కలతో చూపింది. సొంత పని అనేది గౌరవమైన మాటే. కాని ఆ పనిలో యజమానీ లేడు, సెలవూ లేదు, వైద్య పరీక్షా లేదు. దుబాయి వెళ్లే కుర్రవాడికి ఒక్కసారి మెడికల్ ఉంటుంది. ఊళ్లోనే ఉండి బండి తోసేవాడికి అదీ లేదు. జ్వరమొస్తే మందుల షాపు. నడుము నొప్పికి మందుల షాపు. వీరి బీపీని మొట్టమొదట కొలిచేది ఎక్కడ? పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ గదిలో. అప్పటికి జరగవలసింది జరిగిపోతుంది.

ఇది మా ఊహ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 29 మందికి, ఆడవారిలో నూటికి 25 మందికి రక్తపోటు ఎక్కువగా ఉన్నట్లు, లేదా దానికి మందు వాడుతున్నట్లు తేలింది. తెలంగాణలో ఇంకా కొంచెం ఎక్కువే, మగవారు 31, ఆడవారు 26. అంటే ఈ హాలులో కూర్చున్న పెద్దలలో ముగ్గురు నలుగురికి ఒకరు చొప్పున ఉన్నారనుకోవాలి.

దీనికి ముందు 2015-16లో జరిగిన సర్వే లెక్కలను పరిశోధకులు మరోవిధంగా విడదీశారు. దానిని మేము మా పిల్లలకు చెప్పినట్లు చెబుతాము. 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న, రక్తపోటు ఉన్నవారిని 100 మందిని తీసుకొచ్చి బడి ఆవరణలో నిలబెట్టామనుకోండి. మీకు ఎప్పుడైనా బీపీ కొలిచారా అంటే 76 మంది చేయి ఎత్తారు. 24 మందికి ఒక్కసారి కూడా పట్టీ కట్టలేదన్నమాట. మీకు బీపీ ఉన్నదని తెలుసా అంటే 45 చేతులే లేచాయి. మందు వాడుతున్నారా అంటే 13. మందుతో అదుపులో ఉన్నదా అంటే 8. మా తరగతిలో నూటికి 8 మంది పాసైతే హెడ్మాస్టరుగారు మమ్మల్ని ఊరకే వదిలిపెడతారా?

ఈ తెలియనివారు ఎవరు అని చూస్తే, ఆడవారికంటే మగవారు ఎక్కువ. పట్టణాలకంటే పల్లెలలో ఎక్కువ. చదువు తక్కువైనవారు, ఇంట్లో కలిమి తక్కువైనవారు ఎక్కువ. ఆడవారికి కాన్పుల సమయంలోనైనా నర్సమ్మలు బీపీ చూస్తారు. మగవాడికి ఆ అవకాశమూ లేదు. బీపీ అంటే ధనవంతుల జబ్బు, కష్టపడి పనిచేసేవాడి దగ్గరికి రాదు అని మనలో ఒక నమ్మకం ఉన్నది. అది తప్పు. రక్తపోటు రావడంలో కలవారికీ లేనివారికీ ఉన్న తేడా స్వల్పం. పెద్ద తేడా తెలుసుకోవడంలో ఉన్నది, మందు అందడంలో ఉన్నది.

అసలు ఈ రక్తపోటు ఏమిటి? గుండె రక్తాన్ని తోసినప్పుడు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడి. పై అంకె గుండె ముడుచుకున్నప్పటిది, కింది అంకె గుండె వదులైనప్పటిది. 120/80 మంచిది. ప్రశాంతంగా కూర్చోబెట్టి, వేరువేరు రోజులలో చూసినా పైది 140 గాని, కిందిది 90 గాని, అంతకు మించి గాని ఉంటే అది జబ్బు. లారీ టైరులో గాలి ఎక్కువైతే చప్పుడు చేయదు. బాగానే ఉరుకుతుంది. పగిలిననాడే తెలుస్తుంది. అందుకే పంక్చరు షాపువాడు కంటితో చూసి ఊరుకోడు, మీటరు పెట్టి చూస్తాడు. మన శరీరం సంగతీ అంతే. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా మెదడు నాళాలను, గుండెను, మూత్రపిండాలను, కంటి తెరను పాడుచేస్తుంది. ఫాలిజ్‌కు, గుండెపోటుకు, కిడ్నీలు చెడి డయాలిసిస్ దాకా పోవడానికి ఇది పెద్ద కారణం.

రక్తం ఊపిరితిత్తుల గుండా ఎలా తిరుగుతుందో 13వ శతాబ్దంలోనే రాసిన ఇబ్న్ అల్ నఫీస్ గురించి మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాము. చెప్పుకోవలసిందే. చేతికి పట్టీ కట్టి కొలిచే సాధనాన్ని ఇటలీలో రివా రోచీ 1896లో చేశాడు. స్టెతస్కోపుతో చప్పుడు విని రెండు అంకెలూ చెప్పే పద్ధతిని రష్యా డాక్టరు కొరొట్కొవ్ 1905లో తెలిపాడు. నూరేళ్లు దాటిపోయింది. ఆ పట్టీ ప్రపంచమంతా తిరిగింది గాని మన గల్లీ మలుపు తిరగలేదు.

మనలో తిరిగే కొన్ని మాటలను కూడా సరిదిద్దుకోవాలి.

"నాకు బీపీ తెప్పించకు" అంటాము కోపం వచ్చినప్పుడు. అందుచేత బీపీ అంటే కోపిష్టివాళ్ల జబ్బు అనుకుంటాము. కోపంలో అది కాసేపు పెరిగే మాట నిజమే. కాని నోట్లో నాలుక లేని నెమ్మదస్తులకు కూడా ఈ జబ్బు ఉంటుంది.

"తల తిరగడం లేదు గదా, నాకెందుకు ఉంటుంది?" అంటారు. మాకూ తిరగలేదు. చాలామందికి ఏ గుర్తూ ఉండదు. దర్జీ సోదరుడు ఆరు నెలలు తలనొప్పి అని మందుల షాపు బిళ్లలు మింగాడట. ఆ నొప్పి బీపీదో, రాత్రి మెలకువలదో మేము చెప్పలేము. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కొలిచి ఉంటే మాత్రం తేలిపోయేది.

"మాత్ర మొదలుపెడితే జన్మంతా మింగాలి, అలవాటు పడిపోతాము" అంటారు. ఇది మత్తుమందు కాదు, అలవాటు పడడానికి. అన్నం కూడా జన్మంతా తింటూనే ఉన్నాము గదా. బీపీ మామూలుకు వచ్చిందని మాత్ర మానేస్తారు కొందరు. మాత్ర వేసుకున్నందువల్లే మామూలుకు వచ్చింది. డాక్టరు చెప్పకుండా మానకూడదు. ఈ మాత్రలు సర్కారు దవాఖానాలో ఉచితం. జనరిక్ మందుల దుకాణంలో కొన్నా సాధారణంగా వాడే మాత్రకు రోజుకు రూపాయో రెండు రూపాయలో అవుతుంది. ఒక చాయ్ ధర కాదు.

"అల్లా రాసిపెట్టింది తప్పుతుందా?" అనే పెద్దలున్నారు. తప్పదు. కాని ఒంటెను కట్టేసిన తరువాతనే భారం అల్లాపై వేయాలన్నది మన ప్రవక్త (స.అ.స.) నేర్పిన పద్ధతి. ఈ శరీరం మనకు అమానతు. అమానతును లెక్క చూసుకోకుండా వదిలేయడం తవక్కుల్ అనిపించుకోదు.

తిండి సంగతి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలన్నది. అంటే అన్నీ కలిపి ఒక చెంచాడు. ఊరగాయ, అప్పడం, ఎండు చేప, బేకరీ సరుకు, ఇఫ్తారు పకోడీ, ఇవన్నీ కలిపితే మనం దానిని ఎక్కడో దాటిపోతున్నాము. బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా పాన్ మానాలి. రంజాన్‌లో మాత్ర ఎలా అని కొందరు నెలంతా మానేస్తున్నారు. అది ప్రమాదం. రోజుకు ఒకసారి వేసుకునే మాత్ర చాలామందికి సెహ్రీలోనో ఇఫ్తారులోనో సర్దుబాటు చేయవచ్చు. రంజాన్ రాకముందే డాక్టరును అడిగి వేళ మార్పించుకోవాలి.

మరి ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తున్నది. 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు చూడాలన్న కార్యక్రమం ఉన్నది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వస్తున్నారు. 2017 చివరలో కేంద్రం అయిదు రాష్ట్రాలలో రక్తపోటు అదుపు పథకం ఒకటి మొదలుపెట్టింది. మన పొరుగు తెలంగాణ ఆ అయిదింటిలో ఒకటి. అందరికీ ఒకే క్రమంలో మందులు, ఒక్కొక్కరికీ ఒక కార్డు, ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు, రానివారిని వెదికి పిలవడం, ఇవి ఆ పథకం పద్ధతులు. మంచి పద్ధతులు. మనకూ పాఠమే.

కాని ఏఎన్ఎం అమ్మ మన గల్లీకి వచ్చేది పగటిపూట. ఆ వేళకు మగవాడు బండి మీద ఉంటాడు. ఆమె రాసుకుని పోతుంది, "ఇంట్లో లేరు" అని. ఆరోగ్య కేంద్రానికి పోవాలంటే ఆ పూట కూలి పోతుంది. నొప్పి లేని జబ్బు కోసం కూలి పోగొట్టుకునేవాడు ఎవడు? కాబట్టి తప్పు ఆమెదీ కాదు, ఇతనిదీ కాదు. ఇద్దరూ కలిసే వేళ ఏదీ లేదు. ఆ వేళను మనం చూపించాలి.

అది మన చేతిలోనే ఉన్నది సోదరులారా. శుక్రవారం జుమా నమాజు! బండివాడు, ఆటోవాడు, షెడ్డు కుర్రవాడు, షావుకారు, పంతులు అందరూ ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడే వేళ అది. కొలువు పరీక్షలు వారిని విడదీశాయి. ఆ వరుస వారిని కలుపుతున్నది. కాబట్టి మేము సొసైటీ ముందు కొన్ని సూచనలు పెడుతున్నాము.

ఒకటి, మంచి డిజిటల్ బీపీ మిషన్లు రెండు కొనాలి. సన్న చేతికి, లావు చేతికి వేరువేరు పట్టీలు ఉండాలి. ప్రతి జుమా తరువాత సొసైటీ గదిలో 30 ఏళ్లు దాటినవారందరికీ చూడాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. అరగంట ముందు చాయ్, సిగరెట్టు ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచాలి. కొలిచేటప్పుడు మాట్లాడించకూడదు.

రెండు, ఆడవారికి ఆదివారం మా బడి గదిలో వేరుగా ఏర్పాటు చేయాలి. బుర్ఖా చేయి మీదనే పట్టీ కడితే లెక్క తప్పుతుంది. కాబట్టి చూసేవారు కూడా ఆడవారే కావాలి. డిగ్రీ చదివే మన ఆడపిల్లలకు ఒక్క పూటలో నేర్పవచ్చు. ఆరోగ్య కేంద్రం నర్సులను అడుగుదాము.

మూడు, ఒక రిజిస్టరు పెట్టాలి. 140/90 దాటినవారిని మరో రోజు మళ్లీ చూడాలి. మళ్లీ ఎక్కువ ఉంటే చీటీ రాసి, తోడు మనిషిని ఇచ్చి ఆరోగ్య కేంద్రానికి పంపాలి. 180/120 దాటితే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా మిషను వెదుక్కుంటూ కూర్చోకూడదు. 108 పిలవాలి. ఫాలిజ్‌లో గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోనే పనిచేస్తుంది.

నాలుగు, ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ఇవ్వలేనివారికి సొసైటీ ఇవ్వాలి. జకాత్ సొమ్ము దీనికి ఎంతవరకు వాడవచ్చునో ఉలమాలను అడిగి నిర్ణయించుకుందాము.

అయిదు, మాత్ర మానేసినవాడి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లాలి. బడి మానిన పిల్లవాడి ఇంటికి మేము వెళ్లినట్లు. కొలవడం ఒక్కటే చేసి ఊరుకుంటే ఫోటో దిగిన హెల్త్ క్యాంపు అవుతుంది తప్ప పని కాదు.

మన సొసైటీ ఏటా జనాజా ఖర్చులకు, వితంతువుల పింఛనుకు ఎంతో ఇస్తున్నది. పుణ్యకార్యమే. కాని ఆ పింఛను పుస్తకం తిరగేసి భర్త ఎలా పోయాడని అడిగి చూడండి. ఫాలిజ్, హార్ట్ ఎటాక్, కిడ్నీ అన్న మాటలు ఎన్నిసార్లు వినబడతాయో! ఇల్లు కూలిన తరువాత ఇటుకలు పంచుతున్నాము. కూలకముందు గోడ బీటను చూసే పనికి రెండు మిషన్ల ఖర్చు కూడా పెట్టలేదు. ఇందులో మమ్మల్ని కూడా కలిపే చెబుతున్నాము. మా బీపీ మాకు తెలిసి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో కొలతలకు వెళ్లిన ప్రతిసారీ ఆ దర్జీ ఎదురుగా నిలబడ్డాము. నువ్వూ ఒకసారి చూపించుకో భాయ్ అని మా నోట ఒక్కనాడూ రాలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు బైపాసు దగ్గర పంక్చరు షాపులో ఉన్నాడు. లారీ టైర్లకు మీటరు పెట్టి గాలి చూస్తున్నాడు. వాడి పేరు మేము ఇంకా రిజిస్టరులో కొట్టివేయలేదు. వాణ్ణి తిరిగి బడికి తెచ్చే దారి సొసైటీ చూపితే సంతోషిస్తాము. రెండో అబ్బాయి అలా పోకుండా ఆపడం అంతకన్న తేలిక.

మా సొంత మిషను ఒకటి తెచ్చి వెనుక బల్ల మీద పెట్టాము. ఆడవారి కోసం మా ఇంట్లోవాళ్లు పరదా అవతల మరొకటి పెట్టుకుని కూర్చున్నారు. సభ ముగిశాక చాయ్ ఇస్తారు. దయచేసి చాయ్ తాగకముందే చెయ్యి చాపండి. తరువాత ఇంటికి వెళ్లి, ఈ సభకు రాలేకపోయిన మీ పొరుగు బండివాడిని వచ్చే జుమాకు వెంటబెట్టుకు రండి.

అల్లా మనందరికీ ఆరోగ్యాన్ని, ఒకరి బాగు ఒకరం చూసుకునే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.